రెండు వైన్‌లు, ఒకే 'వ'



మన అరకు కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్లకు మిరియాల తీగలు అల్లుకుని ఉంటాయి. తీగను ఇంగ్లీషులో వైన్ అంటారు. మొన్న ఒక పాప, "మా తోటలో చెట్టు చెట్టుకీ వైన్ ఉంది" అని ఇంగ్లీషులో చెప్పగానే క్లాసంతా నవ్వింది. ఆ వారమంతా పాప మళ్లీ నోరు విప్పలేదు.

తప్పు పాపది కాదు. తీగకు 'వి', వైన్ షాపులో వైన్‌కు 'డబ్ల్యూ'. తెలుగులో రెంటికీ ఒకే 'వ'. పుస్తకంలో ఇంగ్లీషు మాట పైన మనం పెన్సిలుతో తెలుగులో రాసిస్తాం చూడండి, తేడా అక్కడే పోతుంది. పడమర అయినా, బనియను అయినా 'వెస్ట్' అనే రాస్తాం. ఇంట్లో కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడే పిల్లలకైతే తెలుగు తర్వాత ఇంగ్లీషు మూడో భాష.

అందుకే నా మనవి: రాసివ్వకండి, పలికి చూపించండి. 'వి'కి పై పళ్లు కింది పెదవికి తగలాలి. 'డబ్ల్యూ'కి పెదవులు గుండ్రంగా చుట్టాలి, పళ్లు తగలకూడదు. అద్దం ముందు రోజుకు 5 నిమిషాలు చాలు. మీకు రాకపోతే పిల్లలతో కలిసి నేర్చుకోండి. తప్పులు దిద్దుదాం, నవ్వకుండా.