వేలిముద్ర పడని చోట

ఉన్నత విద్యామండలి అధ్యక్షుల వారికి,

రేషన్ షాపులో ఒక ముసలమ్మ బొటనవేలిని కొంగుతో తుడుచుకుంటూ మళ్లీ మళ్లీ మిషను మీద పెట్టడం చూశాను. నాట్లు వేసి వేసి అరిగిపోయిన వేలు. ముద్ర పడలేదు. ఆమెకు బియ్యం లేవని తేల్చింది మిషనా, ప్రభుత్వమా? నా పరిశోధన ఆ ప్రశ్నతోనే మొదలైంది.

రాజనీతిశాస్త్రంలో పీహెచ్‌డీ చేసి, కొత్త సాంకేతికతల విధానాల మీద పనిచేస్తున్నాను. అధ్యాపక పోస్టు ఇంటర్వ్యూకి వెళితే రాజనీతి శాఖవారు ‘ఇది కంప్యూటర్ సబ్జెక్టు’ అన్నారు. కంప్యూటర్ శాఖవారు ‘మీకు బీటెక్ లేదు కదా’ అన్నారు.

కానీ వస్తువులకు రాజకీయాలుంటాయా అని అమెరికన్ రాజనీతి పండితుడు లాంగ్డన్ విన్నర్ 1980లోనే అడిగారు. మన సుప్రీంకోర్టు 2017లో గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించింది, 2018లో ఆ వేలిముద్ర వెనకున్న ఆధార్‌పై తీర్పు చెప్పింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. అధికారం, పౌరుడు, హక్కు: ఇవి మేం రోజూ క్లాసులో చెప్పుకునే మాటలే కదండీ!

ఎంఏ రాజనీతిశాస్త్రంలో సాంకేతికత విధానాలకొక పేపరు పెట్టించండి. రెండు శాఖలూ కలిసి ఎంపిక చేసుకునే పోస్టు ఒక్కటైనా వచ్చే నోటిఫికేషన్‌లో చేర్పించండి.

ఇట్లు,
ఒక రాజనీతిశాస్త్ర పరిశోధకుడు