కిటికీ పైకి ఎట్టా పోద్ది?

కొత్త కిటికీ ఎంత పెద్దది, ఎంత రేటు, ఏ కంపెనీది అని అడిగినవాళ్లు చాలామంది. "ఇంత కిటికీ పైకి ఎట్టా పోద్దిరా?" అని అడిగింది మాత్రం మా నాయనమ్మ ఒక్కతే. బీటెక్ చదివిన మనవడు నవ్వి ఊరుకున్నాడు. ఆ మనవణ్ని నేనే.

మాది చిలకలూరిపేట నుంచి పర్చూరు వెళ్లే దారిలో ఓ ఊరు. చుట్టూ నల్లరేగడి, పత్తి, మిరప. మిరపకు రేటు బాగా పలికిన ఏడాది నాన్న ఇంటి మీద ఇంకో అంతస్తు మొదలెట్టాడు. నేను హైదరాబాద్‌లో కూర్చుని వాట్సాప్‌లో డిజైన్లు పంపేవాణ్ని. నాన్నకి కావాల్సింది మూడడుగుల కిటికీ, దానికి ఇనుప ఊచలు. నాకు కావాల్సింది ఎనిమిది అడుగుల వెడల్పు, ఐదడుగుల ఎత్తు, నిండా గ్లాసు. వర్క్ ఫ్రమ్ హోమ్ రోజుల్లో ల్యాప్‌టాప్ మీంచి తలెత్తితే మిరప చేలు కనపడాలి కదా! ట్రాక్టర్ల మోత వినపడకూడదని డబుల్ గ్లాసు కూడా చెప్పా.

ఇక్కడే నేను చెయ్యని లెక్క ఒకటుంది. గ్లాసు మిల్లీమీటరు మందం ఉంటే చదరపు మీటరుకి 2.5 కిలోలు తూగుతుంది. నేను ఆర్డరిచ్చింది 6 మిల్లీమీటర్ల అద్దాలు రెండు, అంటే చదరపు మీటరుకి 30 కిలోలు. ఎనిమిదీ ఐదూ నలభై చదరపు అడుగులు, అంటే 3.7 చదరపు మీటర్లు. గ్లాసే వంద కిలోలు దాటింది. లోపల స్టీలు పెట్టిన యూపీవీసీ ఫ్రేము కూడా కలిపితే 130 దాకా వస్తుంది. మా భాషలో చెప్పాలంటే మూడు టిక్కీల మిరపకాయలు! తేడా ఏంటంటే టిక్కీని భుజాన వేసుకోవచ్చు, కింద పడేసినా పగలదు.

కిటికీ వ్యాన్‌లో వచ్చింది. మెట్లు మూడడుగుల వెడల్పు, మధ్యలో ఓ మలుపు. లోపల్నుంచి వెళ్లదని చూడగానే తెలిసిపోయింది. హైడ్రా పిలుద్దామంటే సందు ఇరుకు, పైన కరెంటు తీగలు. బిగించడానికి వచ్చినవాళ్లకి సాయంత్రం ఇంకో సైటు ఉందట. "ఎందుకన్నా టెన్షన్, తాడేసి లాగేద్దాం" అన్నారు. నేనూ సరే అన్నా. ఆ 'సరే' నాదే, ఇంకొకరి మీద వెయ్యను.

పైన ఓ బద్దె అడ్డం పెట్టి, దానికి కప్పీ తగిలించి, ఆరుగురు లాగడం మొదలెట్టారు. ఇంటర్‌లో చదివిందే: పైన కదలకుండా ఉండే ఒక్క కప్పీ బరువుని తగ్గించదు, తాడు దిశని మాత్రం మారుస్తుంది. 130 కిలోలు లాగాలంటే 130 కిలోల బలమూ పెట్టాలి, రాపిడి అదనం. కిందో కప్పీ కూడా ఉంటే సగం బలం సరిపోతుంది, తాడు మాత్రం రెట్టింపు లాగాలి. అది మావాళ్లు తేలేదు.

కిటికీ సన్‌షేడ్ దగ్గరికొచ్చాక గాలి తగిలింది. తుపానేం కాదు, మధ్యాహ్నం మామూలు గాలే. గంటకు 30 కిలోమీటర్ల గాలికే ఆ సైజు పలక మీద 15 కిలోలకు పైగా తోపు పడుతుంది. కిటికీ మెల్లగా తిరిగింది. మధ్యలో తాడు కట్టిన ఎనిమిదడుగుల వస్తువు అడ్డం తిరిగితే నాలుగడుగులు సందులోకి వస్తుంది. 11 కేవీ దాకా లైన్లు గోడకి అడ్డంగా కనీసం 1.2 మీటర్ల దూరంలో ఉండాలని రూలు. అదీ నాలుగడుగులే!

సరిగ్గా అప్పుడే పైన ఉన్న కుర్రాడు కిటికీ కన్నంలోంచి బయటికి వంగి ఫ్రేము అందుకోబోయాడు. పందొమ్మిదేళ్లు ఉంటాయేమో. బెల్టు లేదు. కాళ్లకి రబ్బరు చెప్పులు, కింద సిమెంటు ఇసుక. కాలు జారింది. వెనకున్నతను చొక్కా పట్టుకుని లాగాడు. చొక్కా చిరిగింది, మనిషి ఆగాడు.

కింద, సరిగ్గా కిటికీ నీడలో, ఎండబెట్టిన మిరపకాయలు ఎత్తుతూ మా నాయనమ్మ.

ఎవరికీ ఏమీ కాలేదు. ఆ రెండు సెకన్లు మాత్రం నేను మర్చిపోలేదు. ఆఫీసులో ప్రొడక్షన్ పడిపోతే రోల్‌బ్యాక్ చేస్తాం. ఇక్కడ రోల్‌బ్యాక్ ఎక్కడుంది?

కిటికీని మెల్లగా దించారు. ఈలోగా మిరప టిక్కీలు ఎత్తే ముఠా మేస్త్రి అటుగా వచ్చి, ఓ పుల్ల తీసుకుని మా మెట్ల మలుపు కొలిచాడు. "బరువుదేముంది బాబూ, మలుపు సంగతి చూడాల" అన్నాడు. తర్వాత కిటికీ చుట్టూ తిరిగి, "ఇది మొత్తం ఒకటే ముక్కా?" అని అడిగాడు.

కాదు! మూడు పలకలు. పక్కవి రెండూ పట్టాలోంచి ఎత్తితే వచ్చేస్తాయి. మధ్యదానికి లోపలివైపు బీడింగ్ పట్టీలు పీకితే గ్లాసు విడిగా వచ్చేస్తుంది. రోజూ కోడ్‌ని మాడ్యూళ్లుగా విడగొట్టే నాకు ఈ ముక్క తట్టలేదు. మేస్త్రికి తట్టింది.

మర్నాడు లైన్‌మన్ వచ్చి ఎల్‌సీ తీసుకుని సందులో కరెంటు ఆపాడు. వాకిట్లోకి ఎవరూ రాకుండా తాడు కట్టాం. నాయనమ్మని వంటింట్లో కూర్చోబెట్టాం, తిట్టుకుంటూనే కూర్చుంది. ఖాళీ ఫ్రేము పాతిక, ముప్పై కిలోలే. దాన్ని బయటినుంచి తాడుతో లేపాం. తిరక్కుండా రెండు మూలలకీ రెండు తాళ్లు కట్టి కింద ఇద్దరు పట్టుకున్నారు. పైన అందుకునేవాళ్లకి బెల్టులు, బెల్టుల తాడు లోపలి పిల్లరుకి. పలకలు ఒక్కొక్కటీ రెండడుగుల ఎనిమిదంగుళాల వెడల్పు, మెట్ల మీదుగానే వెళ్లాయి. గ్లాసుకి సక్షన్ కప్పులు పెట్టి, ఒక్కోదాన్నీ ఇద్దరు మోశారు. మొత్తం మూడు గంటల పని.

బిగించేటప్పుడు నాన్న ఓ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నల్లరేగడి మీద ఇల్లు కట్టినవాడికి గోడ కదులుతుందని చెప్పక్కర్లేదు. వానాకాలం నేల ఉబ్బుతుంది, ఎండాకాలం నెర్రెలిస్తుంది, కిటికీ మూలల దగ్గర గోడ ఏటవాలుగా చీలుతుంది. అందుకే ఫ్రేముని గోడకి అదిమి కూరకుండా చుట్టూ కొద్దిగా సందు వదిలి, ఫోమ్ నింపి, బయట సిలికాన్ వేశారు. ఫోమ్ సందు నింపడానికే, బరువు మొయ్యదు. పట్టు మొత్తం గోడలోకి దిగిన స్క్రూలదే: మూలకి అరడుగు దూరంలో ఒకటి, తర్వాత రెండడుగులకి మించకుండా ఒక్కోటి. రెండుచోట్ల మూడడుగులు వదిలేస్తే నాన్న లేచి మళ్లీ వేయించాడు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను తీరం దాటింది మాకు దగ్గరే, బాపట్ల దగ్గర. గంటకు 100 కిలోమీటర్ల గాలి కొడితే ఈ కిటికీ మీద 170 కిలోలకు పైగా తోపు పడుతుంది. నాన్నకి ఈ లెక్క తెలీదు, ఆ రోజు గుర్తుంది.

మీరూ పై అంతస్తుకి పెద్ద కిటికీ ఆర్డరిస్తుంటే, షాపులో రంగు ఎంచుకునే ముందే బరువు అడగండి, ఎన్ని ముక్కలుగా విడుస్తుందో అడగండి. టెంపర్డ్ గ్లాసయితే కొలతలు ఒకటికి రెండుసార్లు చూడండి. ఒకసారి టెంపర్ చేశాక దాన్ని కోయడం కుదరదు, సైటులో సర్దుకుందాం అనే మాటే ఉండదు.

ఆ కుర్రాణ్ని టీ తాగుతూ అడిగా, ఇన్సూరెన్స్ ఏమైనా ఉందా అని. "మాకెందుకన్నా" అన్నాడు. బ్యాంకు ఖాతా ఉంది, ఫోన్ ఉంది. ప్రధానమంత్రి సురక్షా బీమాకి ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో చనిపోతే ఇంటికి 2 లక్షలు. 18 నుంచి 70 ఏళ్ల వాళ్లెవరైనా చేరొచ్చు. అక్కడే కూర్చుని చేయించా. వాడి ప్రాణానికి అది ఖరీదని కాదు. అసలు ఆ రోజు చెయ్యాల్సింది బెల్టు తెప్పించడం, అది ఒకరోజు ఆలస్యంగా చేశా.

ఇంకో సంగతి. కిటికీ పడమర వైపు పెట్టించా. రోహిణి కార్తెలో మధ్యాహ్నం మూడు దాటితే ఆ గదిలో కూర్చోలేం. నాయనమ్మ తన పాత చీర తెచ్చి అడ్డం కట్టింది. చేలు కనపడట్లేదు.

నిన్న మా పెదనాన్న కొడుకు ఫోన్ చేశాడు. వాళ్లూ పైన వేస్తున్నారట, మా కిటికీ లాంటిదే, ఇంకో అడుగు పెద్దది.

"మీ మెట్ల మలుపు ఎంతరా?" అన్నా.

అటువైపు నుంచి మాట లేదు.