పరీక్షను ప్రశ్నించిన ఆచార్యుడు

ప్రశ్నపత్రం బయటికి పొక్కిన ప్రతిసారీ మన ప్రభుత్వాలకు తోచే చికిత్స ఒక్కటే. అది శిక్షను పెంచడం. 2024 ఫిబ్రవరిలో పార్లమెంటు ఆమోదించిన ప్రజా పరీక్షల అక్రమాల నిరోధక చట్టం ఆ కోవలోనిదే. అక్రమానికి పాల్పడిన వ్యక్తికి మూడు నుంచి ఐదేళ్ళ జైలు. ముఠాగా ఏర్పడి చేస్తే ఐదు నుంచి పదేళ్ళ జైలు, కోటి రూపాయలకు తగ్గని జరిమానా. నీట్ వివాదం దేశాన్ని కుదిపేస్తున్న వేళ, ఆ ఏడాది జూన్ 21న, కేంద్రం హడావిడిగా దాన్ని అమల్లోకి తెచ్చింది. యూపీఎస్సీ, స్టాఫ్ సెలక్షన్ కమిషన్, రైల్వే నియామక బోర్డులు, బ్యాంకు నియామకాల సంస్థ, నేషనల్ టెస్టింగ్ ఏజెన్సీ వంటివి నిర్వహించే పరీక్షలు దాని పరిధిలో ఉన్నాయి. అంటే చట్టం కాపలా అంతా ద్వారం దగ్గరే. లోపలికి అడుగుపెట్టాక నాలుగేళ్ళపాటు విశ్వవిద్యాలయంలో జరిగే మూల్యాంకనం సంగతి ఆ విద్యాసంస్థ అంతరాత్మకే వదిలేశారు.

ఆ అంతరాత్మ ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలంటే హిజ్లీ వైపు చూడాలి.

తెలుగువారికి ఖరగ్‌పూర్ కొత్త ఊరు కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచీ అక్కడి వర్క్‌షాపులో, రైల్వే కాలనీల్లో ఉత్తరాంధ్ర కుటుంబాలు తరతరాలుగా స్థిరపడి ఉన్నాయి. చెన్నై వైపు పోయే కొన్ని రైళ్ళు ఖరగ్‌పూర్ పెద్ద స్టేషన్‌ను తాకకుండా హిజ్లీలో ఆగి వెళతాయి. దేశ రాజకీయ చరిత్రలో మాత్రం హిజ్లీ పేరు నిలిచింది నిర్బంధ శిబిరం వల్ల. 1930లో వలస ప్రభుత్వం తెరిచిన ఆ శిబిరంలో 1931 సెప్టెంబరు 16న పోలీసులు నిరాయుధులైన బందీలపై కాల్పులు జరిపారు. సంతోష్ కుమార్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తా ప్రాణాలు కోల్పోయారు. వారి భౌతికకాయాల కోసం సుభాష్ చంద్రబోస్ స్వయంగా హిజ్లీకి వచ్చారు. రవీంద్రనాథ్ ఠాగూర్ బహిరంగంగా నిరసించారు. స్వాతంత్ర్యం వచ్చాక, 1951లో, అదే భవనంలో దేశపు తొలి ఐఐటీ ప్రారంభమైంది. 1956లో జరిగిన తొలి స్నాతకోత్సవంలో ప్రసంగించిన నెహ్రూ, నిర్బంధ శిబిరం ఉన్నచోట వెలసిన ఆ విద్యాలయాన్ని మారుతున్న భారతదేశానికి ప్రతీకగా అభివర్ణించారు.

ఆ ప్రతీకలో కంప్యూటర్ సైన్సు ఆచార్యుడిగా పనిచేసిన రాజీవ్ కుమార్ కథ 2006 నాటి జేఈఈతో మొదలవుతుంది. ఆయన కుమారుడు ఆ పరీక్ష రాశాడు. మొత్తం 231 మార్కులు వచ్చాయి. ఆ ఏడాది ర్యాంకుకు అర్హత ఇచ్చే మొత్తం మార్కుల హద్దు 154 మాత్రమే. అయినా సీటు రాలేదు. గణితంలో 37, భౌతికశాస్త్రంలో 48, రసాయనశాస్త్రంలో 55 అని సబ్జెక్టువారీగా కనీస మార్కులు నిర్ణయించారు. ఆ కుర్రవాడికి రసాయనశాస్త్రంలో వచ్చినవి 52. మూడు మార్కుల తేడా.

ఒక తండ్రి ఆవేదనగా అది అక్కడితో ముగిసిపోవలసింది. ఏటా లక్షల ఇళ్ళలో ముగిసిపోయేది అలాగే. కానీ ఈ తండ్రి లెక్కలు తెలిసిన ఆచార్యుడు. పైగా అంతకు ముందటేడే సమాచార హక్కు చట్టం అమల్లోకి వచ్చింది. 37, 48, 55 అనే అంకెలు ఎక్కడినుంచి వచ్చాయని ఆయన అడిగారు. దరఖాస్తు వెంట దరఖాస్తు పెట్టారు. సంస్థ ఇచ్చిన వివరణ ప్రకారం లెక్క కడితే ప్రకటించిన అంకెలు రావడం లేదన్నది ఆయన వాదన. వ్యవహారం కలకత్తా హైకోర్టుకు, అక్కడినుంచి సుప్రీంకోర్టుకు చేరింది.

2011 అక్టోబరు 11న జస్టిస్ ఆర్.వి. రవీంద్రన్, జస్టిస్ ఎ.కె. పట్నాయక్‌ల ధర్మాసనం తీర్పు చెప్పింది. అప్పీలు ఓడిపోయింది. 2006 పద్ధతి ఉత్తమమైనది కాకపోవచ్చునేమో గానీ దురుద్దేశంతోనో నిరంకుశంగానో రూపొందించినది కాదని, అందువల్ల న్యాయస్థానం జోక్యం చేసుకోదని ధర్మాసనం తేల్చింది. అదే తీర్పులో మరో మాట కూడా ఉంది. వీరి పోరాటం వల్లే ర్యాంకుల నిర్ణయంలో పారదర్శకత, కచ్చితత్వం పెరిగాయని, అందుకు ఐఐటీలూ అభ్యర్థులూ వీరికి కొంతైనా కృతజ్ఞత చూపాలని న్యాయమూర్తులు రాశారు. వ్యవస్థను బాగుచేసినా కీర్తికి నోచుకోని వీరులుగా తృప్తి పడమన్నది ఆ తీర్పు సారం. నేడు జేఈఈ అడ్వాన్స్‌డ్ రాసిన విద్యార్థి తాను గుర్తించిన సమాధానాలను తెరమీద చూసుకుంటున్నాడు, కీని సరిచూసుకుంటున్నాడు, తప్పుంటే అభ్యంతరం చెబుతున్నాడు. హైదరాబాదు, విజయవాడ కార్పొరేట్ కళాశాలల్లో ఈ సౌకర్యాన్ని సహజ హక్కుగా భావించే పిల్లల్లో ఎంతమందికి ఆ ఆచార్యుడి పేరు తెలుసు?

న్యాయమూర్తులు ఆ మెచ్చుకోలు రాసేనాటికే రాజీవ్ కుమార్ సస్పెన్షన్‌లో ఉన్నారు.

2011 మేలో ఐఐటీ ఖరగ్‌పూర్ ఆయనను సస్పెండ్ చేసింది. ఈసారి వివాదం ప్రవేశ పరీక్ష గురించి కాదు. విద్యార్థులు పరీక్షల్లో పెద్దయెత్తున నకలు కొడుతున్నారని, కొనుగోళ్ళలో అవకతవకలు జరిగాయని ఆరోపించి సంస్థ ప్రతిష్ఠకు భంగం కలిగించారన్నది ఆయనపై మోపిన అభియోగాల సారాంశం. విచారణ జరిగింది. 2014లో నిర్బంధ పదవీ విరమణ శిక్ష పడింది. 1961 నాటి ఐఐటీల చట్టం ప్రకారం రాష్ట్రపతి ఈ సంస్థలకు విజిటర్. ఆ హోదాలో ప్రణబ్ ముఖర్జీ 2017 జూలైలో, రాష్ట్రపతి భవన్ వీడడానికి కొద్ది రోజుల ముందు, ఆ శిక్షను రద్దు చేశారు. ఒక అధ్యాపకుడి ఫిర్యాదు చుట్టూ నడిచిన తతంగానికి తెరపడడానికి ఆరేళ్ళు పట్టింది. దేశ ప్రథమ పౌరుడి సంతకం అవసరమైంది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఆరోపించిన ప్రతివాడూ నిజమే చెప్పాడనుకోవడం పొరపాటు. సహోద్యోగుల నిజాయతీని శంకిస్తూ పత్రికలకెక్కే అధ్యాపకుడిపై సంస్థకు ఆగ్రహం రావడం సహజం. ప్రవర్తనా నియమావళి అనేది ఏ ఉద్యోగానికైనా ఉంటుంది. నిర్బంధ శిబిరపు గోడల మధ్య మొలిచిన సంస్థ తన ఆచార్యుడిని శిక్షించిందంటూ చరిత్రతో అలంకారిక పోలికలు లాగడం కూడా న్యాయం కాదు. అసలు ప్రశ్న వేరే ఉంది. నకలు జరుగుతోందని ఒక ఆచార్యుడు రాతపూర్వకంగా చెప్పినప్పుడు ముందు విచారించవలసింది నకలునా, ఆచార్యుడినా? ఫిర్యాదు నిజమో అబద్ధమో స్వతంత్రంగా తేల్చి, ఆ నివేదికను బయటపెట్టి, అబద్ధమని రుజువైతే అప్పుడు ఫిర్యాదుదారు సంగతి చూడవచ్చు. మన విశ్వవిద్యాలయాల్లో వరుస తలకిందులు. ‘ప్రతిష్ఠకు భంగం’ అనే అభియోగం అందుకు ఎంతో అనువైనది. ఎందుకంటే నిజం చెప్పినా ప్రతిష్ఠకు భంగం కలుగుతుంది.

ఐఐటీ మూల్యాంకన పద్ధతి తెలిస్తే ఈ వరుస ఎంత ప్రమాదకరమో అర్థమవుతుంది. ఖరగ్‌పూర్‌లో ఒక సబ్జెక్టుకు సెమిస్టరు మధ్య పరీక్షకు 30 శాతం, చివరి పరీక్షకు 50 శాతం, అధ్యాపకుడి స్వీయ అంచనాకు 20 శాతం. పాఠం చెప్పేవారే ప్రశ్నపత్రం కూరుస్తారు, దిద్దుతారు, గ్రేడు వేస్తారు. మన అనుబంధ కళాశాలల విద్యార్థి ఎక్కడో స్పాట్ వాల్యుయేషన్ కేంద్రంలో ముక్కూమొహం తెలియని ఎగ్జామినర్ దయకు తన జవాబుపత్రాన్ని వదిలేయడం కంటే ఇది వెయ్యి రెట్లు మేలైన పద్ధతి. కానీ దాని ప్రాణం ఒక్కచోటే ఉంది. అది అధ్యాపకుడి మాటకున్న విలువ. బయటి పరీక్షకుడు లేడు, బోర్డు లేదు. తన తరగతిలో ఏదో తేడా జరుగుతోందని ఆయన చెబితేనే బయటపడుతుంది. ఆయన నోరు విప్పితే ఉద్యోగానికే ముప్పు అనే సంకేతం వెళ్ళాక, పక్కగదిలోని ఆచార్యుడు ఒకేలా ఉన్న రెండు అసైన్‌మెంట్లు కనబడినా చూడనట్టు గ్రేడు వేసి ఊరుకుంటాడు. అతణ్ణి తప్పుపట్టడం కష్టం. అయితే సీజీపీఏ హద్దు పెట్టి అభ్యర్థులను వడపోసే కంపెనీ ముందు నష్టపోయేది మాత్రం సొంతంగా రాసి అర పాయింటు తగ్గిన విద్యార్థి. నిమిషంలో అసైన్‌మెంటు రాసిపెట్టే చాట్‌జీపీటీ వంటి యంత్రాలు వచ్చాక ఈ అన్యాయం మరింత చౌక అయింది.

పరిశోధన విషయంలో యూజీసీ 2018లో గ్రంథచౌర్య నియమాలు తెచ్చింది. పోలిక 10 శాతం లోపైతే శిక్ష లేదు, 10 నుంచి 40 వరకు ఒక మెట్టు, 60 దాటితే నమోదు రద్దు. సాఫ్ట్‌వేర్ చూపే శాతాన్నే నిజాయతీకి కొలబద్ద చేశారు. వాక్యాలు తిరగరాసే విద్యలో ఆరితేరినవాడు ఈ వలలో పడడు.

తెలుగు రాష్ట్రాలు ఈ విషయంలో ఎవరికీ నీతులు చెప్పే స్థితిలో లేవు. 2016లో తెలంగాణ ఎంసెట్-2 లీకై మూడోసారి పరీక్ష పెట్టవలసి వచ్చింది. 2019 ఇంటర్మీడియట్ ఫలితాల్లో తెలుగులో సున్నా వచ్చిన ఒక విద్యార్థినికి పునఃపరిశీలనలో 99 మార్కులు తేలాయి. ఆ ఫలితాల అనంతరం ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారని వార్తలు వచ్చాయి. ఆందోళన వీధికెక్కేదాకా బోర్డు చెప్పింది మాత్రం హిజ్లీలో వినబడిన మాటే: అంతా సవ్యంగానే ఉంది, అపోహలు సృష్టిస్తున్నారు.

జవాబుపత్రాన్ని చూసే హక్కు విద్యార్థికి దక్కింది కూడా ఇలాంటి ధోరణితో తలపడే. దిద్దిన జవాబుపత్రం ‘సమాచారం’ కిందికే వస్తుందని కలకత్తా హైకోర్టు 2009లో చెప్పింది. పరీక్షకుడి వివరాలను గోప్యంగా ఉంచుతూనే పత్రాన్ని విద్యార్థికి చూపాలని 2011 ఆగస్టు 9న సుప్రీంకోర్టు ఖరారు చేసింది. ఇదీ రవీంద్రన్, పట్నాయక్‌ల ధర్మాసనమే. ఆ తెరిచిన తలుపు తర్వాత కొంత మూసుకుంది. సివిల్ సర్వీసుల అభ్యర్థులకు ముడి మార్కులు యాంత్రికంగా ఇవ్వనక్కరలేదని 2018లో అదే న్యాయస్థానం అంది. 2023 డేటా పరిరక్షణ చట్టం సమాచార హక్కు చట్టంలోని వ్యక్తిగత సమాచార నిబంధనను మరింత బిగించింది. 2006 నాటి దరఖాస్తులు ఇప్పుడు వేస్తే ఎన్నింటికి జవాబు వచ్చేదో ఊహించుకోవచ్చు.

జవాబుపత్రం దాకా ఏదో ఒక దారి ఉంది. ఫిర్యాదు చేసిన అధ్యాపకుడికి అదీ లేదు. రాజీవ్ కుమార్‌కు శిక్ష పడిన 2014లోనే, మే నెలలో, అక్రమాలను బయటపెట్టేవారి పరిరక్షణ చట్టంపై రాష్ట్రపతి ఆమోదముద్ర పడింది. మన్మోహన్ ప్రభుత్వం పోతూ పోతూ చేసిన చట్టమది. మోదీ ప్రభుత్వం 2015లో దాన్ని నీరుగార్చే సవరణ బిల్లును లోక్‌సభలో గట్టెక్కించింది. రాజ్యసభలో అది మురిగిపోయింది. పరీక్షల్లో నకలు గురించిన ఫిర్యాదు ఆ చట్టంలోని అవినీతి నిర్వచనంలోకి వస్తుందా రాదా అన్నది కూడా వాదించుకోవలసిన విషయమే. వాదించుకునే అవసరం మాత్రం ఇంతవరకు రాలేదు. ఏ తేదీ నుంచి అమలవుతుందో చెప్పే నోటిఫికేషన్‌ను కేంద్రం నేటికీ జారీ చేయలేదు. పరీక్షల నేరస్థులను జైలుకు పంపే చట్టానికి ఆ నోటిఫికేషన్ నాలుగు నెలల్లో వచ్చింది.