పాతబండికి క్రొత్త ప్రాణము

తాతమ్మగారి కాసులపేరు తెగినప్పుడు మన యిండ్లలో రెండు మాటలు పుట్టును. ఉన్నదున్నట్లు అతికింపవలెనని యొకరందురు. కరగించి నేటి తీరున చేయింపవలెనని మఱియొకరందురు. అమెరికాదేశమున పాత మోటారుబండ్లను గూర్చియు నిట్టి వాదమే నడచుచున్నది.

1964లో పాంటియాక్ కంపెనీవారు నడితరపు పరిమాణము గల బండిలో 389 ఘనపుటంగుళముల పెద్ద యంత్రమును, 325 గుఱ్ఱముల బలము గలదానిని అమర్చి, జి.టి.ఓ. యను పేర నమ్మిరి. ఇట్టివానికి 'మజిల్ కారు'లని పేరు వచ్చెను. కండబలము గల బండ్లని యర్థము. హెచ్చిన భీమా రుసుములు, 1970 నాటి వాయుశుద్ధి చట్టము, 1973 నాటి చమురు కొఱత వాని తొలి వైభవమును ముగించినవి.

ఫోర్డువారి మస్టాంగు ఆ తరమునకు చెందినదే. 1964 ఏప్రిల్ 15వ తేదీన షికాగోలో నొక యువ ఉపాధ్యాయిని, ఆ బండి లోకమునకు వెల్లడియగుటకు రెండు దినములు ముందే, దానిని కొనెను. తరువాత నది చెడిపోయి యిరువదియేడేండ్లు షెడ్డులో పడియుండెను. వదిలించుకొందమని యామె యన్నను భర్త వినక, తుదకు బాగుచేసెను. అమ్ముడైన తొలి మస్టాంగుగా నేడు దానికి ప్రసిద్ధి కలిగినది.

ఇట్టి పనిలో మొదటి శత్రువు తుప్పు. మస్టాంగునకు వేరుగా చట్రము లేదు. అడుగురేకులే దాని బలము. తుప్పుపై రంగు వేయుట చెదపట్టిన దూలమునకు సున్నము కొట్టుటయే. చెడిన రేకును కోసివైచి క్రొత్తరేకు నతుకవలయును. పూర్వము పెట్రోలులోని సీసము యంత్రపు వాల్వుల పీఠములను అరుగకుండ కాచెడిది. 1996 నుండి అమెరికాలో రోడ్డుబండ్లకు అట్టి పెట్రోలు నిషిద్ధము గనుక గట్టి పీఠముల నమర్చుచున్నారు.

ఇక మార్పుల మాట. యంత్రముపై చెక్కిన సంఖ్య బండి సంఖ్యతో సరిపోలినచో వెల హెచ్చును. కావున కొందఱు మేకునైనను మార్పనీయరు. కాని నాటి బండ్లలో పెక్కింటికి నాలుగు చక్రములకును డ్రమ్ము బ్రేకులే. బ్రేకుద్రవము పోవు మార్గమును ఒక్కటియే. అది యెచట కారినను బ్రేకులన్నియు నొక్కమాఱే పోవును. 1968 నుండి అమెరికా చట్టము క్రొత్త కార్లకు రెండు వేర్వేరు మార్గము లుండవలెనని విధించినది. భుజముపైనుండి వచ్చు బెల్టును ముందుసీట్లకు విధించినదియు నా సంవత్సరమే.

సోదరీమణులారా, బిడ్డల నెక్కించుకొని తిరుగు బండికిని ప్రదర్శనశాలలో నిలుపు బండికిని ధర్మ మొకటి కాదు. ప్రదర్శనకైనచో పాతదనమే దాని సొమ్ము. రోడ్డెక్కునదైనచో ముందు బ్రేకులు, బెల్టులు, టైర్లు, తరువాత యంత్రపు బలము, కట్టకడపట రంగు. ఆగుటకు చాలని బండికి వేగము పెంచుట క్షేమము గాదు. తీసిన పాతభాగములను మాత్రము పాఱవేయక, చీటీలు కట్టి దాచవలయును. రేపటివారు బండిని మరల తొలిరూపునకు తేగోరినచో, ఆ దారి మనము మూసినవారము కారాదు.