నీళ్ళలో గేదె బేరం

గేదెను నీళ్ళలో ఉంచి బేరమాడిన పెద్దమనిషి మీద మనవాళ్ళు సామెత ఎప్పుడు కట్టారో గాని, ఆయనగారి సంతతి మాత్రం ఈనాటికీ దివ్యంగా వర్ధిల్లుతూనే ఉంది. కాకపోతే గేదె స్థానంలో మోటారుసైకిలు వచ్చింది, చెరువు స్థానంలో సెల్‌ఫోను వచ్చింది. పుణేలో ఉన్న పాత బండిని విజయవాడలో మంచం మీద పడుకుని, బొటనవేలితో ఫోటోలు జరుపుతూ చూసి, "బ్రహ్మాండం" అనుకుని, డబ్బు పంపేసి, "లారీలో వేసెయ్యండి సార్" అంటున్నారు. ఇలా అనేవాళ్ళు లోకం తెలియనివాళ్ళా అంటే, కాదు. చదువుకున్నవాళ్ళు. కూరల కొట్లో బెండకాయ కొస విరిచి చూడందే పావుకిలో తూయించనివాళ్ళు!

నా పక్షం ముందే చెప్పేస్తాను. దూరాభారాన పాత బండి కొంటే స్వయంగా వెళ్ళాలి, చూడాలి, తడమాలి, ఒంట్లో ఓపికుంటే దాని మీదే ఇంటికి రావాలి. ఎదుటి పక్షానికి నాయకుడు మా బావమరిది. హైదరాబాదులో పెద్ద ఉద్యోగం, నోటి నిండా లెక్కలు.

"బావగారూ, మీరు రిటైరయ్యారు గనక మీ టైముకి ఖరీదు లేదు. రైలు టిక్కెట్టు, రెండు రాత్రులు లాడ్జి, పెట్రోలు, మూడు రోజుల సెలవు, పైన నడుంనొప్పి మందులు. ఇవన్నీ కలిపి వెయ్యండి. ట్రాన్స్‌పోర్టు వాడు ఏడు వేలకి గుమ్మంలో దింపుతాడు" అంటాడు.

గుమ్మంలో దింపుతాడన్నది నిజమే. ఏం దింపుతాడన్నదే ప్రశ్న. ఇతగాడి ఆఫీసు స్నేహితుడే ఒకడు కోయంబత్తూరు నుంచి బండి తెప్పించాడు. ఫోన్లో ఏడు వేలన్నారు. అట్టలు కట్టినందుకు వేరు, ఎక్కించిన కూలి వేరు, ఊళ్ళోకి పెద్ద లారీ రాదు గనక చిన్న ఆటో ట్రాలీకి వేరు, వెరసి పదకొండు వేలు. అయిదు రోజులన్నది పందొమ్మిది రోజులైంది. ట్యాంకుకి సొట్ట, ఒక అద్దం మాయం. అడిగితే రసీదు వెనక చీమతలకాయంత అక్షరాల్లో ఉన్న షరతులు చదువుకోమన్నారు. ఆ కంపెనీ పేరు నేను చెప్పను. చెప్పినా ప్రయోజనం లేదు. ఎక్కించే ముందు బండికి నాలుగు వైపులా ఫోటో తీసుకోకుండా, సరుకు విలువ రసీదులో రాయించకుండా, దారిలో నష్టానికి బీమా ఉందో లేదో అడక్కుండా అప్పగించాక ఏ కంపెనీ అయితే ఏమిటి?

సొట్టా, అద్దమూ పోతే పోయాయి, బండైనా వచ్చింది. బండే రాని కథ ఒకటుంది. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం అదే.

మా వీధి చివర టిఫిన్ల బండి పెట్టుకున్న కుర్రవాడొకడున్నాడు. తెల్లారగట్ల మార్కెట్టు నుంచి సరుకు తెచ్చుకోవడానికి సెకండ్‌హాండ్ స్కూటరు కావాలని ఫోన్లో ప్రకటనలు వెతికాడు. ఒకాయన తగిలాడు. మిలిటరీ దుస్తుల్లో ఫోటో, గుర్తింపు కార్డు ఫోటో, ఆర్.సి. పుస్తకం ఫోటో, అన్నీ పంపాడు. "నాకు హఠాత్తుగా బదిలీ అయింది, అందుకే చవగ్గా ఇచ్చేస్తున్నా, మా మిలిటరీ పార్సిల్లో నీ ఇంటికే వస్తుంది" అన్నాడు. ముందు మూడు వేలు అడ్వాన్సు. తరువాత బండి బయల్దేరిందని, అట్టలు చుట్టిన ఫోటో. ఆ తరువాత పన్ను పేరుతో ఇంకొంత. ఆ పైన, "ఆలస్యం చేశావు గనక డిపాజిట్ కట్టు, బండి ముట్టగానే వాపసు" అని మరికొంత. మొత్తం ఇరవై నాలుగు వేలు. స్కూటరూ లేదు, మిలిటరీ ఆయనా లేడు. ఆ ఫోటోలోని దుస్తులు ఎవరివో, కార్డు ఎవరు పోగొట్టుకున్నదో. దేశమంతటా ఇదే వేషం, ఇదే పాట, ఊరికి ఇద్దరు ముగ్గురు బలి. మాకు తెలిసి 1930 నంబరుకి ఫోను చేయించేసరికి మూడో రోజు. గంటలో చేస్తే డబ్బు ఎక్కడో ఒక ఖాతాలో ఆగే అవకాశముంది గాని, మూడు రోజులకి ఎన్ని చేతులు మారుతుందో మీరే ఊహించండి.

ఇందులో తప్పు ఆ కుర్రవాడిదని నేననను. పెద్ద జీతగాళ్ళు చూడకుండా కొనడం ఒక నాగరికతగా, వెళ్ళి చూడడం ఒక పల్లెటూరితనంగా చలామణీ చేశారు. వాడు పెద్దల్ని చూసి నేర్చుకున్నాడు. "పార్సిల్లో పంపిస్తా" అన్న మాట వినగానే "అబ్బే, నేనే వచ్చి తోలుకుపోతాను" అనే అలవాటు జనంలో మిగిలి ఉంటే ఆ మోసగాడికి బతుకే లేదు. వాడి బండికి ఇరుసు ఆ మాటే కదా!

మా తాతగారు సంతలో ఎడ్లు కొనేవారు. పళ్ళు పట్టి చూసేవారు, సుడులు లెక్కపెట్టేవారు, తువ్వాలు కింద వేళ్ళు నొక్కి బేరమాడేవారు. అదంతా అయ్యాక రెండు రోజులు నడిపించుకుంటూ ఇంటికి తోలుకొచ్చేవారు. ఊరు చేరేసరికి ఏది దాపటికి పనికొస్తుందో, ఏది వలపటికో, ఏది వంతెన చూస్తే బెదురుతుందో ఆయనకి కంఠతా వచ్చేది. ఎడ్లకీ ఆయన గొంతు అలవాటయ్యేది. ఆ రెండు రోజులూ దండగ అని మా వంశంలో ఎవరూ లెక్క కట్టినట్టు వినలేదు.

2023 డిసెంబరులో నేను పుణే వెళ్ళాను. 1988 నాటి బుల్లెట్టు, 350 సి.సి., మద్రాసు తిరువొత్తియూరులో పుట్టిన పాత ఇనప ఇంజను. అమ్మే ఆయన నాకన్నా పెద్దవాడు. ఇంట్లోకి రమ్మంటున్నా వినకుండా నేను ముందు ఇంజను మీద చెయ్యి వేశాను. చల్లగా ఉంది. ఇది మర్యాదకి విరుద్ధమని మీకనిపిస్తే ఒక రహస్యం చెబుతాను: కొనేవాడు వచ్చేలోగా ఇంజను వేడి చేసి ఉంచడం అమ్మేవాళ్ళ పాత విద్య. వేడిగా ఉన్న బండి ఎవరి కిక్కుకైనా పలుకుతుంది. చల్లటి ఇంజను పలికినప్పుడు పొగ గొట్టం చూడాలి. నీలిపొగ ఆగకుండా వస్తే లోపల ఆయిలు కాలుతోందన్నమాట. వెనక్కి వెళ్ళి కూర్చుని చూస్తే రెండు చక్రాలూ ఒకే గీత మీద ఉన్నాయో లేదో తెలుస్తుంది. హాండిల్ తిప్పి మెడ దగ్గర వెల్డింగు మచ్చ ఉందేమో చూడాలి. ఛాసిస్ నంబరు వేలితో తడిమి, ఆర్.సి.లో నంబరుతో అక్షరం అక్షరం సరిపెట్టుకోవాలి. వీటిలో ఏ ఒక్కటి ఫోటోలో కనబడుతుందో మా బావమరిదే చెప్పాలి.

ఆ తరువాత ఆ పెద్దాయన నాకు రెండు గంటలు పాఠం చెప్పాడు. మరాఠీ కలిసిన హిందీ ఆయనది, తెలుగు కలిసిన హిందీ నాది. ఈ బండికి గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. మొదటి గేరు పైకి, మిగతావి కిందికి. కిక్కు కొట్టేముందు తాళం తిప్పి, అమ్మీటరు ముల్లు మధ్యకి వచ్చేదాకా మెల్లిగా తొక్కి, డీకంప్రెషన్ లీవరు పట్టుకుని పిస్టను కొంచెం జరిపి, అప్పుడు తన్నాలి. తొందరపడితే బండే మనల్ని తిరిగి తంతుంది. ఆయన భార్య టీ తెచ్చి, "ఈ బండి మీదే మా పెద్దవాణ్ణి బడికి దింపేవారు" అంది. ఆయనేమీ అనలేదు. పాత డబ్బాలో దాచుకున్న కాంటాక్టు పాయింట్లు, ఒక క్లచ్చి తీగ, ప్లగ్గులు రెండు తెచ్చి నా సంచిలో పెట్టాడు. వాటికి డబ్బు అడగలేదు. ట్రాన్స్‌పోర్టు రసీదులో ఈ రెండు గంటలు ఏ గడిలో రాస్తారు?

పుణే నుంచి మచిలీపట్నం దాకా ఒకటే రోడ్డు, 65వ నంబరు జాతీయ రహదారి. విజయవాడకి 830 కిలోమీటర్ల పైచిలుకు. బుల్లెట్టు లీటరుకి 35 ఇచ్చిందనుకున్నా పెట్రోలు రెండున్నర వేలు. జాతీయ రహదారి మీద మోటారుసైకిలుకి టోలు లేదు. మూడు రోజులు, పగటి పూటే, గంటకి 60 దాటకుండా వచ్చాను. చలికాలం ఆ ప్రాంతాల్లో చెరకు సీజను. వెనక దీపం లేని చెరకు ట్రాక్టర్లు చీకట్లో కొండల్లా నిలబడతాయి. రాత్రి నడపాలని ఉబలాటపడేవాళ్ళు నా పక్షంలో చేరనక్కర్లేదు.

భిగవణ్ దాటాక వెనక బ్రేకు పట్టేస్తున్నట్టు అనిపించింది. డ్రమ్ము ముట్టుకుంటే చురుక్కుమంది. కాస్త వదులు చేసుకుని షోలాపూరు చేరాను. అక్కడి మెకానిక్కు నా హిందీ రెండు వాక్యాలు విని, నవ్వి, "తెలుగులో చెప్పండి సార్" అన్నాడు. మగ్గాల పని మీద తరాల కిందట వలసపోయిన పద్మశాలీలు అక్కడ పేటలకి పేటలున్నారు. వాళ్ళ తెలుగులో మరాఠీ తియ్యదనం ఉంది. బ్రేకు షూలు మార్చి, "ఈ బండి ఎడమకి కొంచెం లాగుతోంది చూసుకున్నారా?" అని అడిగాడు. చూసుకున్నాను, 250 కిలోమీటర్ల పొడుగునా చూసుకున్నాను. నల్‌దుర్గ్ కోట, ఉమర్గా, హుమ్నాబాదు, జహీరాబాదు, మూడు రాష్ట్రాలు దాటి ఇల్లు చేరేసరికి ఆ బండి ఎప్పుడు దగ్గుతుందో, ఎప్పుడు అలుగుతుందో నాకు మా తాతగారి ఎడ్లంత తెలుసు. అదే లారీలో వచ్చి ఉంటే? ఆ పట్టేసే బ్రేకుతో మొదటి రోజే బెంజి సర్కిల్ రద్దీలో పడేవాణ్ణి.

నేను మొండివాణ్ణి కాను. నడపకూడని సందర్భాలు లేకపోలేదు. బండికి బీమా చెల్లకపోతే, రిజిస్ట్రేషను గడువు తీరిపోతే అడుగు కూడా నడపకండి. పదిహేనేళ్ళు దాటిన బండికి రిజిస్ట్రేషను పొడిగించారో లేదో ముందే చూసుకోండి. కొత్తగా నేర్చినవాళ్ళు, వెన్నుపూస అరిగినవాళ్ళు, నడివేసవిలో బయల్దేరేవాళ్ళు రైలే ఎక్కించండి. వెళ్ళడం మాత్రం మానకండి. అమ్మినాయన చేత 29, 30 నంబరు ఫారాల మీద ఎదురుగా సంతకాలు పెట్టించండి. బండి మీకు అప్పగించిన తేదీ, గంట కాగితం మీద రాయించి ఇద్దరూ చెరొకటి ఉంచుకోండి. ఆయన ఊరి రవాణా కార్యాలయం నుంచి ఎన్.ఓ.సి. ఆయన చేతే పెట్టించండి. బీమా మీ పేరుకి మార్చమని పద్నాలుగు రోజుల్లో కంపెనీకి రాయాలి. పన్నెండు నెలలు దాటి మన రాష్ట్రంలో ఉంటే కొత్త నంబరు తప్పదు. పాత అప్పు బండి మీద ఉందేమో పరివాహన్‌లో చూస్తే తెలుస్తుంది.

రైలైతే పార్సిలుగా వేసి చేతులు దులుపుకోకండి. మీ టిక్కెట్టు చూపించి లగేజీగా రాయించండి, మీరెక్కిన రైల్లోనే అదీ ఎక్కే వీలుంటుంది. ఆర్.సి., బీమా నకళ్ళు, మీ గుర్తింపు కార్డు పట్టుకెళ్ళండి. దీపానికీ ట్యాంకుకీ గోనె, అట్ట గట్టిగా చుట్టించి, ఏ ఊరి నుంచి ఏ ఊరికో పెద్ద అక్షరాలతో రెండు చోట్ల రాయించండి. దిగాక ఆలస్యం చేస్తే గంటల లెక్కన రుసుము పడుతుంది. పెట్రోలు చుక్క లేకుండా తీయించాలి. లేకపోతే వాళ్ళు ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. అందుచేత మీ ఊరి స్టేషను బయట బంకు ఎంత దూరమో ముందే కనుక్కుని, చేతిలో ఓ లీటరు డబ్బాతో ఎవరినైనా రమ్మనండి. నూట అరవై కిలోల పైమాట బండిని మండుటెండలో తోసుకుంటూ పోతుంటే బావమరుదులు ఎవరూ కనబడరు.