ముడి వేసే ముందే కొలత

మా నూజివీడు తోటల్లో అంటు కట్టే తాత ముందుగా చూసేది రెండు కొమ్మల లావు. టెంక మొక్క కాడా, బంగినపల్లి కొమ్మా సరిజోడుగా ఉంటేనే బెరడు చెక్కి కట్టు కడతాడు. "కట్టేశాక కొలిస్తే ఏం లాభం బాబూ?" అంటాడు.

ఈపాటి ముందుచూపు మన విమానయాన శాఖ పెద్దలకు లేకపోయింది. 2007లో ఎయిరిండియానీ, ఇండియన్ ఎయిర్‌లైన్స్‌నీ ఒకటి చేశారు. పేరు ఒకటైంది గానీ పైలట్ల సీనియారిటీ జాబితాలు ఏళ్ళ తరబడి రెండుగానే ఉండిపోయాయి. సంఘాలూ రెండే. ఎయిరిండియా వారిది ఇండియన్ పైలట్స్ గిల్డ్. రెండోవారిది ఇండియన్ కమర్షియల్ పైలట్స్ అసోసియేషన్.

సీనియారిటీ కోసం అంత రగడ ఎందుకని అడిగే మిత్రులకు ఒక్క మాట. కో-పైలట్ కమాండర్ ఎప్పుడవుతాడో, ఏ విమానం నడుపుతాడో, జీతమెంత వస్తుందో, అంతా ఆ వరుసను బట్టే. దూరదేశాలకు పెద్ద విమానాలు నడిపే ఎయిరిండియాలో కమాండర్ కావడానికి ఎక్కువ ఏళ్ళు పట్టేది. ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో త్వరగా అయ్యేవారు. మరి చేరిన తేదీ చూడాలా, కమాండర్ అయిన తేదీ చూడాలా? ఎవరి లెక్క వాళ్ళకి న్యాయమే!

2011లో సమాన వేతనాల కోసం అసోసియేషన్ సమ్మె కట్టింది. ఆ ఏడే జస్టిస్ ధర్మాధికారి కమిటీ వేశారు. ముడి వేసిన నాలుగేళ్ళకు కొలబద్ద కోసం వెతుకులాటన్నమాట! 2012లో గిల్డ్ వంతు. విలీనానికి ముందే ఎయిరిండియా ఆర్డరిచ్చిన డ్రీమ్‌లైనర్లపై శిక్షణ తమకే దక్కాలని 58 రోజులు సమ్మె చేశారు. గిల్డ్ గుర్తింపు పోయింది, పలువురి ఉద్యోగాలు పోయాయి, ప్రయాణికులు అల్లాడారు.

వాళ్ళది దురాశ అని నేననను. కానీ రెండు సంఘాలూ ఒక బల్ల దగ్గర కూర్చుని ఉంటే, ఒకరి తర్వాత ఒకరు విడివిడిగా దెబ్బ తినేవారు కారు. అమెరికాలో 2001లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ టి.డబ్ల్యు.ఎ.ను కలుపుకుని, ఆ పైలట్లలో చాలామందిని జాబితా అడుగుకి తోసింది. ఆ అన్యాయం చూశాకే 2007లో అక్కడ చట్టం వచ్చింది. ఒప్పందం కుదరకపోతే మధ్యవర్తి తీర్పు తప్పనిసరి.

మనలో పైలట్లయ్యేది ఎందరులే అనుకోకండి. 1956లో ఆంధ్ర, తెలంగాణ ఉద్యోగులను ఒకే సర్వీసులో కలిపినప్పుడు లేచిన సీనియారిటీ తగాదాలు ఏళ్ళ తరబడి నలిగాయి. 1969 ఉద్యమానికి ఆ అసంతృప్తీ ఒక కారణమే. 1923లో మన బందరులో పుట్టిన ఆంధ్రా బ్యాంకు 2020లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. రేపు మనం చేరే ఆఫీసు ఇంకే ఆఫీసులో కలుస్తుందో ఎవరికి తెలుసు?

ఆ రోజు వస్తే, పూలదండలు వేసుకోకముందే జాబితా చూపించమని అడుగుదాం. అవతలి సంఘం వాళ్ళనీ పక్కన కూర్చోబెట్టుకునే అడుగుదాం.