కార్బొరేటరును కడగండి, పొడవకండి

పాత స్కూటరు మొరాయించినప్పుడు మెకానిక్కు నోట వినిపించే మొదటి మాట "కార్బొరేటర్లో చెత్త పడింది సార్". రెండో మాట "కొత్తది వేసేద్దాం". ఈ రెండు మాటల నడుమ చేయవలసిన పని ఒకటున్నది. అది ఉన్నదాన్ని శుభ్రపరచడం. ఆ పనిని కొద్దిపాటి సామగ్రితో గృహస్థు ఇంట్లోనే చేసుకోవచ్చుననీ, చేసుకోవలసిన కాలం వచ్చిందనీ నా అభిప్రాయం. తెలుగు పండితుడికి కార్బొరేటరుతో పనేమిటని ఆశ్చర్యపోయే మిత్రులుంటారు. పదవీ విరమణ తరువాత నేను అలవరచుకొన్న విద్యల్లో ఇదొకటి.

కాలం వచ్చిందని ఎందుకంటున్నానో చెబుతాను. 2020 ఏప్రిల్ 1న బి.ఎస్.6 నిబంధనలు అమలులోకి రావడంతో కొత్త పెట్రోలు బండ్లలో చాలావరకు కార్బొరేటరు స్థానాన్ని ఫ్యూయల్ ఇంజెక్షన్ ఆక్రమించింది. 1972లో పుట్టిన చేతక్ పేరుతో 2020లో మళ్ళీ వచ్చిన బండి విద్యుత్తుతో నడిచేది. దానికి కార్బొరేటరు మాట అటుంచి, పెట్రోలు ట్యాంకే లేదు. ఇక పని నేర్చుకొనే కుర్రవాడు జెట్టు విప్పడం ఎవరి దగ్గర, ఏ బండి మీద నేర్చుకొంటాడు? మరోవంక పెట్రోలులో ఇథనాల్ పాలు 2025 నాటికి 20 శాతానికి చేరింది. ఇథనాల్‌కు తేమను పీల్చుకొనే గుణం ఉన్నది. పాత బండ్ల రబ్బరు భాగాలు దాన్ని దృష్టిలో ఉంచుకొని చేసినవి కావు. నెలల తరబడి కదలని బండిలో పెట్రోలు ఆవిరైపోగా జిగురు మిగులుతుంది. అవసరం పెరుగుతున్నది, చేసేవారు తగ్గుతున్నారు.

కార్బొరేటరు కిటుకు చాలా సరళమైనది. గాలి ఇరుకైన దారిలో వేగం పుంజుకొంటే అక్కడ పీడనం తగ్గుతుంది. ఇటలీ శాస్త్రజ్ఞుడు వెంచూరి పేరిట ప్రసిద్ధమైన సూత్రమిది. తగ్గిన ఆ పీడనమే కింది తొట్టిలోని పెట్రోలును జెట్టు గుండా పైకి లాగుతుంది. తొట్టిలో మట్టం హెచ్చుతగ్గులు కాకుండా చూసేది ఫ్లోటు. ఎంత పెట్రోలు వెళ్ళాలో నిర్ణయించేది మాత్రం ఇత్తడి జెట్టులోని సన్నని రంధ్రం. చిన్న బండ్ల స్లో జెట్టులో అది అర మిల్లీమీటరుకు లోపే ఉంటుంది.

ఇక్కడే నా అభ్యంతరం. చాలామంది ఆ రంధ్రంలో పిన్నీసో, ఇనుప తీగో దూర్చి పొడుస్తారు. ఇత్తడి మెత్తన, ఇనుము గట్టి. రంధ్రం వ్యాసం పదోవంతు పెరిగితే దాని వైశాల్యం 21 శాతం పెరుగుతుంది. ఆ మేరకు పెట్రోలు ఎక్కువ పారుతుంది, పొగ వస్తుంది, మైలేజీ పడిపోతుంది. తాళపత్రాన్ని పరిష్కరించేవాడు లేఖకుని తప్పులను తొలగించాలి గాని కవి పాఠాన్ని గీకివేయరాదు. కార్బొరేటరు విషయంలోనూ అంతే. పోవలసింది మురికి, లోహం కాదు.

కావలసిన సామగ్రి స్వల్పం. మరకు సరిగ్గా అమరే స్క్రూడ్రైవర్లు, పాత పళ్ళ బ్రష్షు, ఒక స్టీలు పళ్ళెం, కొన్ని వందల రూపాయలకు దొరికే కార్బొరేటర్ క్లీనర్ స్ప్రే, సైకిలు పంపు. కంప్రెసరు అక్కరలేదు. ఎయిర్ స్క్రూను విప్పే ముందు చివరిదాకా మెల్లగా బిగిస్తూ ఎన్ని చుట్లు తిరిగిందో కాగితం మీద రాసుకోవాలి. స్ప్రే కొట్టే ముందు ఫ్లోటునూ రబ్బరు భాగాలనూ వేరు చేయాలి. కడిగిన జెట్టును వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే రంధ్రం గుండ్రంగా, అంచు స్పష్టంగా కనిపించాలి. కనిపించకపోతే మళ్ళీ నానబెట్టాలి. అప్పటికీ రాకుంటే గాలానికి కట్టే సన్నని నైలాన్ దారం వాడవచ్చు.

మొండి మురికికి కళ్ళద్దాలు, నగలు శుభ్రం చేసే చిన్న అల్ట్రాసోనిక్ తొట్టి ఉపకరిస్తుంది. రెండు మూడు వేల రూపాయల్లో దొరుకుతుంది. సెకనుకు సుమారు 40 వేల కంపనాలతో నీటిలో సూక్ష్మమైన బుడగలు పుట్టి పగులుతూ, బ్రష్షు చొరలేని దారుల్లోని మురికిని కదిలిస్తాయి. గోరువెచ్చని నీళ్ళు, కాస్త అంట్లు తోమే సబ్బు ద్రవం చాలు. అందులో పెట్రోలు పోయడం అగ్నిని ఆహ్వానించడమే. ఇత్తడి చెంబుకు చింతపండు మంచిదే గదా అని కార్బొరేటరును అందులో నానబెట్టకండి. దాని ఒళ్ళు ఇత్తడి కాదు, జింకు, అల్యూమినియం వంటి లోహాలతో పోత పోసినది. పులుపు దాన్ని తినివేస్తుంది.

పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది. నేలను అంటుకొని పాకుతుంది. కాబట్టి పని ఆరుబయట చేయాలి, వంటింటికీ దేవుని దీపానికీ దూరంగా. ఒక రంధ్రంలో కొట్టిన స్ప్రే మరొక రంధ్రం నుంచి కంట్లోకి చిమ్ముతుంది గనుక కళ్ళద్దాలు తప్పనిసరి.

"పొగ కక్కే పాత బండిని బతికించడం దేనికి?" అన్న ప్రశ్న న్యాయమైనదే. రోజూ దానిమీదే తిరగండని నేననను. పదిహేనేళ్ళు దాటిన సొంత వాహనానికి రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ ఉన్నది, తనిఖీ ఉన్నది. బండి ఉండాలో పోవాలో చట్టమూ యజమానీ నిర్ణయించాలి, జెట్టులో చిక్కుకొన్న నలుసు కాదు. పైగా మూసుకుపోయిన, పొడిచి పెద్దది చేసిన జెట్టు వలన కలిగే పొగ శుభ్రమైన జెట్టు వలన కలగదు.

చివరగా ఒక మాట. బండిని నెల రోజులు ఆపదలచినప్పుడు పెట్రోలు నాబ్ కట్టివేసి, ఇంజను తనంతట ఆగేదాకా నడపండి. తొట్టి ఖాళీ అవుతుంది. జిగురు పేరుకొనే అవకాశం చాలావరకు తప్పుతుంది. ఈ పనికి నయాపైసా ఖర్చు లేదు.